కాసు బంగారం బదులు మూడు ఇంకు పెన్నులు

పోయిన శ్రావణంలో నాకు యాభై నిండాయి. నెల ముందు నుంచే ఇంట్లో ఒకటే చర్చ, ఏం కొనుక్కుంటావు అని. మా ఆడపడుచు అయితే గుంటూరు పట్నంబజారులో కొట్టు కూడా ఖాయం చేసేసింది, "వదినా, ఇంకో కాసు వేసి నల్లపూసలు మార్పించుకో, యాభై ఏళ్లకి గుర్తుగా పడుంటాయి" అని. మా అబ్బాయి బెంగళూరు నుంచి ఫోన్ చేసి స్మార్ట్ వాచ్ అన్నాడు, నేను రోజుకి ఎన్ని అడుగులు వేశానో అదే లెక్కపెడుతుందట. వంటింటికీ హాలుకీ మధ్య నేను వేసే అడుగులు లెక్కపెట్టి అది మాత్రం ఏం బావుకుంటుంది? మా ఆయన ఏమీ అనలేదు. ఆయన అనరు. "నీ ఇష్టం" అని పేపర్లో పేజీ తిప్పారు.

నాకేం కావాలో నాకు ముప్ఫై ఐదేళ్లుగా తెలుసు, పైకి చెప్పడానికే సిగ్గేసింది. మంచి ఇంకు పెన్ను. ఒకటి కూడా కాదు, మూడు.

అరవై ఏళ్లకి షష్టిపూర్తి అంటారు, అది మా ఆయనది. ఆ రోజు పట్టుచీర కట్టుకుని పీటల మీద పక్కన కూర్చోవడం వరకే నా వంతు. యాభై మాత్రం పూర్తిగా నాది, కాబట్టి దీనికి ఎవరి సలహా అడగకూడదని గట్టిగా అనుకున్నాను.

ఈ పిచ్చి నాన్న నుంచి వచ్చింది. నాన్న తెనాలిలో దస్తావేజు లేఖరి. రిజిస్ట్రారు ఆఫీసుకి ఎదురుగా వేపచెట్టు కింద ఒక బల్ల, స్టాంపు కాగితాలు ఎగిరిపోకుండా వాటి మీద ఒక ఇత్తడి గ్లాసు, లాల్చీ జేబులో నల్లటి రత్నం పెన్ను. ఎవరి పొలం అమ్ముడుపోయినా, ఎవరు అన్నదమ్ములు పంచుకున్నా ఆ పెన్ను కిందికే వచ్చేది. తూర్పు ఫలానా వారి పొలం, పడమర పంట కాలువ, ఉత్తరం డొంక అని చెక్కుబందీ రాస్తుంటే ఆ అక్షరాలు గీత గీసినట్టు ఒకే ఎత్తులో వెళ్లిపోయేవి. దస్తావేజులో తప్పు పడితే చెరిపేసుకోవడానికి లేదు, కొట్టేసి, ఫలానా పంక్తిలో కొట్టివేత ఒకటి అని చివర్లో ఒప్పుకోవాలి. నాన్న అలా ఒప్పుకోవలసి వచ్చిన కాగితం నేను ఒక్కటీ చూడలేదు. చూడనివ్వలేదేమో కూడా!

ఆ పెన్ను మేమెవరం ముట్టుకోకూడదు. ఒక చేతికి అలవాటు పడ్డ పాళీతో ఇంకో చెయ్యి రాస్తే వాలు చెడిపోతుంది అనేవారు. అమ్మ పాల పద్దు రాసుకోవాలన్నా పెన్సిలే. మాకు బడికి స్టీలు పాళీ పెన్నులు, మర బిగించే చోట ఎప్పుడూ కారేవి, నా కుడిచేతి నడిమివేలు పదో తరగతి దాకా నీలంగానే ఉంది. ఇంకు ఎక్కువైతే సుద్దముక్క అద్దేవాళ్లం. అయిపోతే పక్క బెంచీలో నాలుగు చుక్కలు అప్పు. ఆఖరి పరీక్ష అయిపోయిన సాయంత్రం మాత్రం అప్పులూ పొదుపులూ ఉండేవి కావు, మిగిలిన ఇంకంతా ఒకరి వీపు మీద ఒకరం చల్లేసుకుని, తెల్ల ఓణీ మీద నీలం చుక్కలతో ఇంటికొచ్చి తన్నులు తినేవాళ్లం. ఇది చదివేవాళ్లలో నా వయసు వాళ్లు ఎవరైనా సరే ఈ పని చెయ్యలేదంటే నమ్మను.

1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లొచ్చాయి, కార్డ్ అని పేరు. అప్పటికే టైపు మిషన్లు సగం పని పట్టుకుపోయాయి, మిగిలిన సగం ఆ తర్వాత పోయింది. నాన్న బల్ల ఎత్తేశారు కానీ పెన్ను మాత్రం జేబులోంచి తియ్యలేదు. రోజూ పొద్దున్నే ఇంకు నింపుకోవడం, పేపరు అంచు మీద సంతకం పెట్టి చూసుకోవడం, అంతే దానికి మిగిలిన పని. ఆయన పోవడానికి ఏడాది ముందు ఒక ఆఫీసులో లైనులో నిలబడి ఉంటే పక్కనున్నాయన "ఒక్క సంతకం పెట్టుకుని ఇస్తానండీ" అని తీసుకుని, పెట్టుకుని, తన జేబుకి తగిలించుకుని వెళ్లిపోయాడు. నాన్న ఇంటికొచ్చి ఆ పూట అన్నం తినలేదు. ఎనభై ఏళ్ల మనిషి బాల్ పెన్ను పట్టుకుని ఇదేంటే నేలమీద మేకుతో గీసినట్టుంది అనడం నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

నా సంగతికొస్తే నేను మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు చూస్తాను. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లాట్ నంబర్లు, అద్దెలు, రైతుల బాండ్లు, అన్నీ కంప్యూటర్లోనే. సీజన్లో రోజుకి వంద సంతకాలు పెడతాను, అవి తప్ప చేత్తో రాసేది కిరాణా చీటీ ఒక్కటే. నిజం చెప్పాలంటే ఒకరోజు బాండు మీద నా పేరు నేను రాసి చూసుకుంటే కోడి కెలికినట్టుంది. దస్తావేజు లేఖరి కూతురు రాత అది. పెన్నుల ఆలోచన సిగ్గు విడిచి బయటికొచ్చింది ఆ రోజే.

మొదటిది ఎక్కడ కొనాలో ఆలోచించే పనే లేదు. సింహాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి రాజమండ్రి. మా ఆయన కూడా వస్తానన్నారు, గోదావరి చూడొచ్చు, ఏదో ఒక పులస కబురు వినొచ్చు అని. కొవ్వూరు దాటి బ్రిడ్జి మీదికి రాగానే ఆయన కిటికీలోంచి చిల్లర విసిరారు, నేను హ్యాండ్‌బ్యాగులో డబ్బు మళ్లీ లెక్కపెట్టుకున్నాను.

రత్నం పెన్నుల కథ రాజమండ్రిలో పిల్లాడిని అడిగినా చెప్తాడు. 1932లో కె.వి. రత్నం గారు మొదలుపెట్టారు, స్వదేశీ జోరుమీద ఉన్న రోజులు. 1935లో గాంధీగారికి పెన్ను అందితే, ఆయన రాసి చూసి, బజార్లో దొరికే విదేశీ పెన్నులకి బదులు ఇది బాగానే పనికొస్తుందని ఉత్తరం రాశారు. గాంధీగారు మాట పొదుపు మనిషి, ఆయన దగ్గర "బాగానే పనికొస్తుంది" అంటే మనవాళ్లు "అద్భుతం, అమోఘం" అన్నదానికి సమానం అని నా లెక్క.

ఇప్పటికీ ఆ పెన్నులు చేతిపనే. ఎబొనైట్ కడ్డీని లేత్ మీద బిగించి తిప్పుతుంటే నల్లటి చెక్కు రింగులు రింగులుగా లేచి కింద పడుతుంది, నాన్న జేబు దగ్గర ముక్కు పెడితే వచ్చే వాసన అది, కాలిన రబ్బరూ గంధకమూ కలిసినట్టు. ఎబొనైట్ అంటే అదేలెండి, రబ్బరులో గంధకం బాగా దట్టించి ఉడికిస్తే గట్టిపడి కొమ్ములా తయారవుతుంది. చేతిలో పట్టుకుంటే ప్లాస్టిక్‌లా చల్లగా జారదు, కాసేపటికి ఒంటి వేడికి వస్తుంది. ఎండలో ఎక్కువకాలం ఉంటే నలుపు పోయి గోధుమరంగు తిరుగుతుంది. నాన్నది అలాగే తిరిగి ఉండేది, నేను చిన్నప్పుడు అది దాని అసలు రంగే అనుకున్నాను.

నల్లదే తీసుకున్నాను, బంగారు పాళీ వేయించాను. ఇక్కడ మా ఆడపడుచు కోసం ఒక పేరా రాయాలి. 916 చూసి చూసి ఉన్న కళ్లకి పాళీ మీద 585 అని చెక్కి ఉంటే మోసపోయామేమో అనిపిస్తుంది, తను భూతద్దం పెట్టి చూసి అదే అంది, "ఇదేం బంగారం వదినా, వెయ్యికి అయిదొందల ఎనభై అయిదు పాళ్లే!" అని. పద్నాలుగు క్యారెట్లు అంటే అంతే. 916తో పాళీ చేస్తే అక్షరం ఒత్తి రాయగానే వంగి అలాగే ఉండిపోతుంది, గాజులు సొట్టలు పోయినట్టు. రాగి, వెండి కలిపి గట్టిపరిచి, వంగినా వెనక్కి వచ్చేలా చేస్తారు. పైగా కాగితాన్ని తాకేది అసలు బంగారమే కాదు, పాళీ కొసన ఆవగింజలో పావు వంతు ఉండే చిన్న గుండు ఉంటుంది, ఇరీడియం, ఆస్మియం, రుథీనియం లాంటి మహా గట్టి లోహాల మిశ్రమం. బంగారం దేనికయ్యా అంటే ఇంకులో ఉండే ఆమ్లానికి తుప్పు పట్టకుండా ఉండటానికి, కొంచెం స్ప్రింగులా ఆడటానికి. వెనకటి బడి పెన్నుల స్టీలు పాళీలు తుప్పు పట్టేవి, ఇప్పటి మంచి స్టీలు పాళీలు పట్టవు, కాబట్టి బంగారం పాళీ తప్పనిసరేం కాదు. నేను యాభై ఏళ్ల సరదాకి వేయించుకున్నాను, అంతే. ఇవన్నీ చెప్పాక మా ఆడపడుచు అడిగింది ఒకటే, "మళ్లీ అమ్మితే ఎంతొస్తుంది?"

రెండోదానికి హైదరాబాద్ వెళ్లాను. అబిడ్స్‌లో డెక్కన్ పెన్ స్టోర్స్ ఉంది, 1928 నాటిది. పెన్ను చేతిలో పట్టుకుని రాసి చూసుకోవాలి కదా, చెప్పుల జత అయినా కాలికి తొడిగి చూడకుండా కొనం. ఏ పెన్ను పట్టుకున్నా నేను రాసి చూసే వాక్యం ఒకటే, నాన్న రోజుకి నాలుగుసార్లు రాసింది: "ఇష్టపూర్వకముగా వ్రాసి ఇచ్చిన శుద్ధ క్రయ దస్తావేజు." ఎవరో కూర్చుని పాళీ పరీక్ష కోసమే కట్టినట్టుంటుంది. ష్ట ఉంది, ర్వ ఉంది, వ్ర, చ్చ, ద్ధ, క్ర, స్తా అన్నీ ఉన్నాయి, గుండ్రంగా చుట్టడం, ఒత్తు కిందికి దించడం, క్రావడి తిప్పడం, ఏదీ తప్పించుకోలేదు.

తెలుగు రాసేవాళ్లు పాళీ కొనేముందు ఇది వినాలి. ఇంగ్లీషు రాసేవాళ్ల సలహాలు మనకి సరిపడవు. వాళ్ల అక్షరం ఒక గదిలో కాపురం చేస్తే మనది మూడంతస్తులు, పైన గుడి, మధ్యలో అక్షరం, కింద ఒత్తు, ఆ ఒత్తుకి మళ్లీ పక్కన ఇంకో ఒత్తు. "లక్ష్మి" రాసి చూడండి. పాళీ లావైతే క్ష కింద మకారం ఒత్తు కన్ను మూసుకుపోయి నల్లటి మచ్చ మిగులుతుంది. జర్మనీ వాళ్లు సన్నం అని ఇచ్చే పాళీ మనకి మధ్యరకం, జపాన్ వాళ్లు సన్నం అంటే నిజంగా సన్నం, ఎందుకంటే వాళ్లూ మనలాగే ఇంత గడిలో ఇరవై గీతలు ఇరికించుకునే జాతి. అయితే మరీ సన్నం కూడా వద్దు. మన అక్షరం గుండ్రం, పాళీ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, సూదిలా ఉంటే మలుపు మలుపుకీ కాగితాన్ని పీకుతుంది. నాకు చివరికి జపాన్ సన్నరకం సరిపోయింది.

అలా పైలట్ కస్టమ్ 823 నా చేతికొచ్చింది. తేనెరంగు గొట్టం, వెలుతురులో పెడితే లోపల ఇంకు ఊగడం కనిపిస్తుంది. దీన్ని నింపడం ఒక వేడుక. వెనక బిళ్ల మర విప్పి పొడుగాటి కడ్డీ వెనక్కి లాగాలి, పాళీని ఇంకు సీసాలో ముంచి కడ్డీని ఒక్క తోపు లోపలికి తొయ్యాలి. తోస్తున్నంతసేపూ ఏమీ జరగదు, కడ్డీ వెనక గాలి లేని ఖాళీ తయారవుతుంటుంది, చివరి అరంగుళంలో గొట్టం వెడల్పవగానే బిరడా పట్టు వదిలేస్తుంది, గుడుక్కుమని ఇంకు పైకి దూకుతుంది. మొదటిసారి నేను ఓ కేక పెట్టాను, మా ఆయన పూజగదిలోంచి పరిగెత్తుకొచ్చారు.

నాలుగు రోజులకి టెన్షన్ మొదలైంది. కూర్చుని రాస్తే రెండు పేజీల దాకా బ్రహ్మాండంగా వెళ్తుంది, తర్వాత గీత పలచబడుతుంది, ఆ తర్వాత అసలు పడదు. గొట్టంలో చూస్తే ఇంకు ముప్పావు వంతు ఉంది! పాళీ తప్పా, ఇంకు తప్పా, అంత డబ్బు పోసి పాడు పెన్ను కొన్నానా? ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేను, చెప్తే నల్లపూసలు గుర్తుచేస్తారు. మూడుసార్లు కడిగాను. రాత్రి పదకొండింటికి లేచి మళ్లీ కడిగాను. చివరికి డబ్బాలో వచ్చిన కాగితం విప్పి చదివితే తెలిసింది, దీని కడ్డీ కొసన మూత లాంటిది ఉంటుంది, వెనక బిళ్ల పూర్తిగా బిగిస్తే అది పాళీకి వెళ్లే దారి మూసేస్తుంది, విమానంలోనో జేబులోనో కారకుండా. కాసేపు కూర్చుని రాయాలంటే బిళ్లని రెండు మూడు మిల్లీమీటర్లు వదులు చేసుకోవాలట. నేను గ్యాస్ బండ రెగ్యులేటర్ కట్టేసి పొయ్యి వెలగట్లేదని ఏడ్చానన్నమాట.

పెన్ను అంటే ఇంకు కిందికి కారడం అనుకుంటాం. కాదు, ఇచ్చిపుచ్చుకోవడం. పాళీ మధ్య చీలికలోకి ఇంకు దానంతటదే పాకుతుంది, దీపం వత్తి నూనె పీల్చినట్టు. ఎంత ఇంకు దిగిందో అంత గాలి పాళీ కింది నాలుక సందుల్లోంచి పైకి వెళ్లాలి, వెళ్లకపోతే ఇంకు దిగదు. ఎక్కువ గాలి వెళ్తే ఇంకు ఆగదు.

ఇది తెలిశాక నాన్న చాదస్తం ఒకటి అర్థమైంది. ఆయన పెన్నులో సగం ఇంకున్నా సరే పొద్దున్నే మళ్లీ నిండా పోసుకునే బయల్దేరేవారు. పొదుపైన మనిషి, ఈ ఒక్క విషయంలో ఎందుకిలా అనుకునేదాన్ని. రత్నం పెన్ను కూడా నేను ఫిల్లర్‌తో గొట్టంలో నేరుగా పోసే రకమే తీసుకున్నాను. చైత్రం దాకా ఏ ఇబ్బందీ లేదు. మే నెలలో, మా గుంటూరు మే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు, కరెంటు పోయిన మధ్యాహ్నం డైరీ రాస్తుంటే పాళీ కొసన ఇంకు ఉబ్బి, కందిగింజంత బొట్టు టప్పున పడింది. తుడిచి మళ్లీ రాస్తే ఇంకో బొట్టు. గొట్టంలో ఇంకు పావు వంతే ఉంది, మిగతా అంతా గాలి, ఆ గాలి చేతి వేడికి పెరిగి ఇంకుని బయటికి నెట్టేస్తోంది. నిండుగా ఉంటే పెరగడానికి గాలే ఉండదు. స్టాంపు కాగితం మీద ఒక్క బొట్టు పడితే కాగితం డబ్బులు ఎవరిస్తారు? వేపచెట్టు కింద వడగాలిలో కూర్చునే మనిషికి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలిసింది. ఇప్పుడు నేనూ పొద్దున్నే కాఫీ అవగానే నిండా పోస్తున్నాను. మరల దగ్గర కారకుండా ఆయన కొవ్వొత్తి రుద్దేవారు, నేను సిలికాన్ గ్రీజు రాస్తున్నాను, తేడా అంతే.

మూడోది లామీ 2000. దీని గురించి పెద్దగా చెప్పేది లేదు, అదే దాని గొప్ప. 1966లో వచ్చిన రూపం, ఇప్పటికీ మార్చలేదు, నల్లగా, గరుకుగా, క్లిప్పు తప్ప మెరుపన్నదే లేకుండా ఉంటుంది, బంగారు పాళీ కూడా తెల్ల పూత వేసుకుని కొసంత తప్ప కనబడకుండా దాక్కుంటుంది. ఆఫీసుకి ఇదే తీసుకెళ్తాను. మా గుమాస్తా కుర్రాడు దాన్ని జెల్ పెన్ను అనుకున్నాడు. గీత కొంచెం లావు, సంతకాలకి భేషుగ్గా ఉంటుంది. ఒక్క సంతకం పెట్టుకుని ఇస్తానండీ అని ఎవరడిగినా పక్కనున్న అయిదు రూపాయల పెన్ను చూపిస్తాను. మొహం మీదే.

ఇంకు గురించి రాయడం మొదలుపెడితే తెల్లారుతుంది. నాన్న దస్తావేజుల నకళ్లు బీరువాలో ఇప్పటికీ ఉన్నాయి, నలభై ఏళ్ల నాటి బ్లూ బ్లాక్, నీలం పోయి నలుపు మిగిలింది. ఆ రకం ఇంకులో ఇనుము ఉంటుంది, రాసినప్పుడు లేతగా ఉండి గాలి తగిలేకొద్దీ నల్లబడుతుంది. మన తాతలు కరక్కాయా అన్నభేదీ కలిపి కాచుకున్న సిరాదీ అదే సూత్రం. కాకపోతే అలాంటిది పోస్తే పెన్నుని నెలకోసారి కడగాలి, ఎండనిస్తే నాలుక సందులు పూడుకుపోతాయి. బొమ్మలేసుకునే ఇండియన్ ఇంకు మాత్రం పొరపాటున కూడా పొయ్యొద్దు, అందులో లక్క ఉంటుంది, గట్టిపడితే ఇక అంతే. మా బోరు నీళ్లు బకెట్టుకి తెల్లటి చార పెడతాయి కాబట్టి నేను కడగడానికి ఫిల్టరు నీళ్లే వాడుతున్నాను. పెన్నుకి ఫిల్టరు నీళ్లు, నాకు కుళాయి నీళ్లు అని మా ఆయన.

కాగితం దగ్గర మాత్రం ఓడిపోయాను. బ్రాడీపేటలో నాలుగు కొట్లు తిరిగాను, ఏ నోటుబుక్కు తెరిచి రాసినా అక్షరానికి కాళ్లు మొలిచి పాకుతున్నాయి, అవతలి పక్కకి దిగిపోతోంది. బాల్ పెన్నులొచ్చాక కాగితం చేసేవాళ్లు ఇంకు సంగతి మర్చిపోయారేమో. కాస్త మందంగా, నునుపుగా ఉండే ప్రింటర్ కాగితాలు కొని కుట్టించుకున్నాను.

ఇంతకీ ఏం రాస్తున్నావు అని అందరూ అడుగుతున్నారు. మొదటి పేజీలో మా ఇంటి చెక్కుబందీ రాశాను. తూర్పు మునిసిపాలిటీ రోడ్డు, పడమర కుట్టు మిషన్ ఆవిడ ఇంటి ప్రహరీ, దక్షిణం ఎప్పటికీ పూర్తికాని అపార్ట్‌మెంటు. ఆ తర్వాత రోజుకో పేజీ, ఎవరికీ పనికిరానివి. రాత ఇంకా నాన్న రాతలా లేదు కానీ కోడి దిగిపోయింది.

ధర సంగతి మిగిలింది. మూడూ కలిపినా కాసు బంగారం దాకా పోలేదు, ఆ సంగతి మా ఆయనకి తెలుసు. అమ్మకి మాత్రం రత్నం పెన్ను చూపించి ఆరొందలు అని చెప్పాను. "ఆరొందలా? బంగారం పాళీ ఏమన్నా పెట్టారంటే, పెన్నుకి?" అంది. అవునమ్మా అన్నాను. నవ్వేసింది, నేను వేళాకోళం ఆడుతున్నాననుకుని.

అమ్మ నా దగ్గరే ఉంటుంది, ఎనభై నాలుగు. రామకోటి రాస్తోంది, గళ్ల పుస్తకాల్లో, బాల్ పెన్నుతో. రోజుకి రెండు పేజీలు అవగానే బొటనవేలు పట్టేసి మందు రాయించుకునేది. ఒకరోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి రత్నం పెన్ను అమ్మ చేతిలో ఉంది. "ఒత్తక్కర్లేదే ఇది, ఊరికే ఆనిస్తే చాలు రాసేస్తోంది" అంది. ఆ పూట ఏడు పేజీలు రాసింది. నాన్న మాట నోటిదాకా వచ్చింది, ఇంకొకరి చెయ్యి పడితే పాళీ వాలు చెడుతుందని. ఈ గట్టి కొసలు అరగాలంటే ఏళ్లు పడుతుందని తెలుసు, అయినా వచ్చింది. అమ్మే అంది, తలెత్తకుండా, "మీ నాన్న ఒక్కనాడు ముట్టుకోనిచ్చారా నన్ను? ఇంత సుఖంగా రాస్తుందని నాకేం తెలుసు."

ఇంక ఏం మాట్లాడతాను. రామకోటి పుస్తకాల కాగితం మరీ పలచన, ఇంకు అవతలి పక్కకి దిగి శ్రీరామ తిరగబడి కనిపిస్తోంది, ఒక పక్కే రాయమ్మా అంటే వినదు. "అటు కనిపిస్తే ఏమైంది? అటూ రాముడే కదా" అంటుంది.

ఇది రాస్తుంటే మధ్యలో రెండుసార్లు కేకేసింది, పెన్నులో ఇంకు అయిపోయిందట, పొయ్యమని. నిండా పోసి వస్తాను.